లారీల మధ్య నేస్తం దారి

మా అత్త పోయిన కబురు శుక్రవారం పొద్దున్న వచ్చింది. సంత ఇంకా నిండలేదు. నేను కొట్టు ముందు గాజుల పెట్టెలు సర్దుకుంటున్నాను. లారీ స్టాండులో సున్నం గీతలు గీసే మనిషి వచ్చి, వినబడే చెవి నా వైపు పెట్టి నిలబడ్డాడు. చేతిలో సున్నం బకెట్టు అలాగే ఉంది.

"అమ్మ ఎల్లిపోనాది బాబు. కొండ కింద కోట నుంచి వచ్చిన మొదటి జీపు డ్రైవరు సెప్పినాడు. ఆయాసం ఎక్కువైపోనాదంట. కూతురు ఒళ్ళోనే పోనాదంట."

నేను గాజుల పెట్టె కింద పెట్టేశాను. అతనే మళ్ళీ అడిగాడు.

"మరి గీత గియ్యాలా, వద్దా?"

"గియ్యకపోతే లేచొచ్చి ఇద్దర్నీ తంతుంది. ఎల్లి గియ్యి," అన్నాను.

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. బకెట్టు పట్టుకుని లారీల వైపు వెళ్ళిపోయాడు.

ఆవిడ మా నాన్నకి అక్క. నన్ను మైదానం నుంచి అరకు తీసుకొచ్చి, తన ఎండుచేపల కొట్టు పక్కనే గాజులూ దువ్వెనలూ అద్దాలూ పెట్టించింది ఆవిడే. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలంటారు. మా అత్త గురించి మెత్తగా రాస్తే, ఆవిడ చేతి దెబ్బ తిన్నవాళ్ళు చదివి, వీడెవరి గురించో రాశాడనుకుంటారు. అలాంటివాళ్ళు ఈ సంతలో చాలామందే ఉన్నారు. ఆవిడకి చెయ్యి ముందు లేచేది, మాట తర్వాత వచ్చేది. ఒకసారి మైదానం నుంచి వచ్చిన ఒక బేరగాడు, దారిలో అడ్డంగా ఉందని ఒక కొండావిడ బుట్టని కాలితో పక్కకి నెట్టాడు. అత్త తక్కెట్లోంచి ఇనప గుండు తీసి ఆ కాలి మీదే వదిలింది. వాడు ఒంటికాలి మీద గెంతుతుంటే, "సేతులు నేవేటి నీకు? ఇప్పుడు కాలు కూడా నేదు, ఏటి సేత్తావో సెయ్యి," అంది. తర్వాత తనే పసుపు పెట్టి గుడ్డ కట్టింది. కట్టేటప్పుడు కూడా తిడుతూనే ఉంది.

పెద్ద మనిషి. గొంతు ఇంకా పెద్దది. తెల్లచీర కొంగు నడుముకి చుట్టి, బొడ్లో చుట్టల కట్ట దోపుకుని, కొట్టు గడప మీద కూర్చునేది. తిండి తింటుంటే ఎవరొచ్చినా ముందు ఆకు వేసేది. వద్దంటే ఆకుతోనే కొట్టేది.

నేను అరకు వచ్చేనాటికి రైలు పడి కొన్నేళ్ళయింది. రైలుతో పాటు ఘాట్ రోడ్డు మీద లారీలూ పెరిగాయి. అల్లం, చింతపండు, పిప్పళ్ళు, కొండచీపుర్లు, అన్నీ శుక్రవారం సంతలో ఎత్తుకుపోయేవి. సంతకీ కొండకీ మధ్యన ఒకప్పుడు వలిసెలు వేసే చేను ఉండేది. పూత కాలంలో చేనంతా పసుపుపచ్చగా కళ్ళు చెదిరేలా ఉండేదని అత్త చెప్పేది. నేను వచ్చేసరికి అది లారీ స్టాండు. కొండ మీంచి దిగే కాలిబాట ఆ స్టాండు అంచు దాకా వచ్చి ఆగిపోయేది. అవతల సంత. మధ్యన లారీలు, జీపులు, ఎడ్లబళ్ళు. వాటికి నిలబడే చోటు ఉంది, తిరిగే చోటు ఉంది. మనిషి ఎటు నడవాలో మాత్రం ఎవరూ అనుకోలేదు. నెత్తి మీద మోపులతో వచ్చేవాళ్ళు చక్రాల పక్క నుంచి, బంపర్ల సందుల్లోంచి ఒదిగి ఒదిగి వచ్చేవాళ్ళు. కాళ్ళు బాగున్నవాళ్ళు తప్పుకునేవాళ్ళు. తప్పుకోలేనివాళ్ళకి ఏదో ఒకటి తగిలేది. నేను వచ్చాక కూడా ఒక ముసలాయన పక్కటెముకలు, ఒక పసిబిడ్డ చెయ్యి అక్కడ నలిగాయి. అది సంతలో మామూలే అన్నట్టు ఉండేవాళ్ళం అందరం.

అత్తకి కొండ మీద ఒక నేస్తం ఉండేది. మా వైపు నేస్తం కట్టుకోవడం అంటే ఊరికే స్నేహం కాదు. ఇద్దరూ ఒకరికొకరు కొత్త చీర పెట్టుకోవాలి, ఒకే ఆకులో తినాలి. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. "నేస్తం" అనే పిలవాలి. ఒకరింట్లో చావొస్తే రెండో ఇంట్లోనూ మైల. ఆవిడ కొండచీపుర్లూ అడ్డాకులూ తెచ్చేది, ఉప్పూ ఎండుచేపా పట్టుకెళ్ళేది. సన్నగా, నల్లగా, పొగాకు నములుతూ, మాట తక్కువ. మా అత్త నోటికి ఎదురు నవ్వే మనిషి ఆవిడొక్కతే.

ఇప్పుడు ఆ రోజు సంగతి చెప్పాలి. చెప్పాలని లేదు. చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

లారీ వెనక్కి రావాలంటే క్లీనరు వెనక నిలబడి బాడీ మీద చేత్తో చరుస్తాడు. చరుస్తున్నంతసేపూ డ్రైవరు వెనక్కి వస్తూనే ఉంటాడు. చరుపు ఆగితే లారీ ఆగుతుంది. ఇంజను హోరులో మాటలు వినబడవు కాబట్టి అదే వాళ్ళ భాష. ఆ శుక్రవారం ఒక క్లీనరు, మీసాలు సరిగ్గా రాని కుర్రాడు, అలా చరుస్తూ లారీని అల్లం బస్తాల దగ్గరకి తెస్తున్నాడు. నేస్తం నెత్తి మీద చీపుర్ల మోపు. ఆవిడ పక్కనున్న జీపుని తప్పించుకుని ఆ లారీ వెనక వైపుకి నడిచింది. మోపు అడ్డమై ఆవిడకి లారీ కనబడలేదు. వెనక చక్రం పాదం ఎక్కింది.

ఆవిడ అరిచింది. ఆ అరుపుకి కుర్రాడు బెదిరిపోయాడు. డ్రైవరుని ఆపాలి. ఆపాలంటే చెయ్యి ఆపాలి. కాని బెదిరిన మనిషి చెయ్యి ఆగుతుందా? రెండు చేతులతో బాదేశాడు. "ఆగు, ఆగు" అని గొంతు చించుకుంటూ బాడీని దబదబా బాదుతూనే ఉన్నాడు. లోపల డ్రైవరుకి ఆ బాదుడొక్కటే వినబడింది. ఇంకా రమ్మంటున్నాడనుకున్నాడు. చక్రం పాదం మీంచి మోకాలి దాకా వెళ్ళింది.

డ్రైవరు దూకి పారిపోయాడు. క్లీనరు పారిపోలేదు, ఆవిడ మీద పడిన మోపు లాగుతూ అక్కడే ఉండిపోయాడు. జనానికి దొరికింది వాడు. కర్రలతో, చెప్పులతో, తూకం గొలుసులతో కొట్టారు. చొక్కా ఊడొచ్చింది. నోట్లోంచి నెత్తురు కారుతోంది. లారీ అద్దాలు పగిలాయి, ఎవరో టైర్లు కోశారు. నేను వెళ్ళేసరికి మా అత్త కావిడిబద్ద పట్టుకుని జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చింది. విడిపించడానికి వస్తోందనుకున్నాను. కాదు. అందరికంటే గట్టి దెబ్బ ఆవిడే కొట్టింది. బద్ద వెళ్ళి వాడి కుడి చెవి మీద పడింది. వాడు నేల మీద పడ్డాక కూడా ఎత్తింది.

బస్తాల మీద పడుకోబెట్టిన నేస్తం అప్పుడు చెయ్యెత్తింది.

"నేస్తం, దాహం," అంది.

అత్త బద్ద పారేసి నీళ్ళకి పరిగెత్తింది.

నేస్తం కాలు విశాఖపట్నం పెద్దాసుపత్రిలో మోకాలి దగ్గర తీసేశారు. క్లీనరు చెవిలో నెత్తురు చాలారోజులు కారి, ఆ పక్క వినబడడం మానేసింది. ఒక చెవి లేని క్లీనరుని ఏ లారీ పెట్టుకుంటుంది? స్టాండులోనే ఉండిపోయి, లారీలు కడుగుతూ, బస్తాలు మోస్తూ బతికాడు. మా కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాడు. అత్త వాడిని చూసేది. ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడం ఆవిడ విషయంలో పెద్ద సంగతి.

చాలా నెలలు నేస్తం సంతకి రాలేదు. అత్త మనుషుల చేత ఉప్పూ చేపా కొండ మీదకి పంపేది. ఒక శుక్రవారం మిట్టమధ్యాహ్నం ఎవరో కొనుక్కున్న అడ్డాకుల కట్ట చూసి ఆగిపోయింది. ఆ కట్టు కట్టే తీరు ఆవిడకి తెలుసు.

"ఇది ఎక్కడిది?"

"స్టాండు అవతల, కొండ బాట సివర ఒక కుంటి మనిషి కూకుంది. ఆవిడ కాడ ఒక దళారీ కొన్నాడు. ఆడి కాడ నాను కొన్నాను."

అత్త పరిగెత్తింది. నేనూ వెనకాలే వెళ్ళాను. కొండ బాట చివర ఎండలో నేస్తం కూర్చుని ఉంది. పక్కన చంక కర్ర. పొద్దున్నే వచ్చిందట. లారీలు అటూ ఇటూ తిరుగుతుంటే వాటి మధ్య కర్ర మీద దాటే ధైర్యం రాలేదట. అంతకుముందు రెండు మూడు వారాలూ అలాగే వచ్చి, అక్కడే అయినకాడికి ఇచ్చేసి వెళ్ళిపోయిందట.

"నన్ను కేకెయ్యొచ్చు కదే," అంది అత్త.

"ఏటని కేకెయ్యాల? ఎత్తుకుపో అని అడగాలా? సంతకి ఎత్తుకొచ్చేది సరుకుని. మనిషిని కాదు."

"ఇంక రావా అయితే?"

"రాను నేస్తం. ఇదే ఆకరు. ఇంటి కాడ కూకుంటాను."

ఇంటి దగ్గర కూర్చోవడం అంటే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. నేస్తానికి పిల్లలు లేరు, మొగుడు లేడు. సంతకి రాని రోజున ఆవిడ చేతికి ఉప్పుగల్లు కూడా ఒకరు పెట్టాలి. అత్త నేస్తం పక్కనున్న చంక కర్ర తీసుకుంది. పాత చీర పేలిక తెప్పించి, తన ఎడమ కాలు మోకాలి దగ్గర వెనక్కి మడిచి కట్టెయ్యమంది.

"అత్తా, ఏటిది?"

"బిగించి కట్టు. కట్టీసి సున్నం తే. నాను ఎక్కడ పడితే అక్కడ పొడెయ్యి. ఎక్కడ పడకుండా ఎల్లగలిగితే అక్కడ గీత ఎయ్యి."

పెద్ద శరీరం. నాలుగడుగులు వెయ్యగానే ఇంజనాయిలు మడుగులో కర్ర జారి, దబ్బున పడింది. మోచెయ్యి చిట్లింది. లేచి, ఆ నూనెని తిట్టి, దాని యజమానిని తిట్టి, మళ్ళీ నడిచింది. చక్రాల కింద అడ్డు పెట్టిన రాళ్ళు తియ్యకుండా వదిలేసిన చోట మళ్ళీ పడింది. లారీకీ లారీకీ మధ్య సందుల్లోకి కర్రతో దూరలేకపోయింది. కర్ర మీద నడిచే మనిషికి ఒంటి మనిషి సందు చాలదని అప్పుడు తెలిసింది మాకు. జనం మూగారు. కొందరు నవ్వారు. ఏ లారీ ఎక్కడ నిలబడాలో చెప్పే స్టాండు మేస్త్రీ చుట్ట నోట్లో పెట్టుకుని వచ్చాడు.

"ఏటమ్మా, ఈ వయసులో కుంటాట ఆడతన్నావు?"

"ఆడతన్నాను. నీది కూడా ఇరగ్గొడతాను రా, జతగా ఆడదాం."

మళ్ళీ మళ్ళీ తిరిగింది. మోకాళ్ళు చెక్కుకుపోయి నెత్తురు సున్నంలో కలిసింది. చివరికి ఒక దారి తేలింది. సూటిగా లేదు. నూనె మడుగుని తప్పించి, టీ హోటలు నీళ్ళు పారే గుంట చుట్టూ తిరిగి, నేల గట్టిగా ఉన్న వైపు పట్టుకుని, సంత రేకుల షెడ్డు దగ్గర తేలింది. తన కొట్టు దగ్గరే తేల్చుకోవచ్చు. అలా చెయ్యలేదు. రేకుల కింద నీడ ఉంది, దిగిన మనిషి ముందు కూర్చోవాలి కదా అంది.

పై వారానికల్లా ఆ గీతల మీద లారీలు నిలబడ్డాయి. అత్త మళ్ళీ గీసింది. మేస్త్రీ మళ్ళీ లారీలు పెట్టించాడు. మూడో సారి అత్త మాటలకి దిగలేదు. ఇనప గుండు తీసుకెళ్ళి, గీత మీదున్న లారీ రెండు లైట్లూ పగలగొట్టింది. పక్క లారీ దగ్గరకి వెళ్తుంటే మేస్త్రీ జాకీ రాడ్డుతో ఆవిడ భుజం మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. నేను మేస్త్రీ మీద పడ్డాను, నా నెత్తి పగిలింది. అత్త ఒక చెయ్యి వేలాడుతుంటే రెండో చేత్తో మేస్త్రీ జుట్టు పట్టుకుని, మొహాన్ని లారీ బంపరుకేసి కొట్టింది. వాడి ముందు పళ్ళు రెండూ అక్కడే రాలాయి. సంత రెండుగా చీలిపోయింది. లారీవాళ్ళు ఒకవైపు, కొట్లవాళ్ళు ఒకవైపు, రాళ్ళు. పోలీసు ఒకాయన వచ్చి అందర్నీ తిట్టి, టీ తాగి, ఇంకోసారి అయితే అందర్నీ లోపలేస్తానని చెప్పి వెళ్ళాడు. గీతల సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నవ్వేవాడేమో.

భుజానికి వెదురు బద్దలు కట్టించుకుని కూర్చున్న రోజుల్లో అత్తకి ఆ ఆలోచన వచ్చింది. కొట్టినా కదలని లారీవాళ్ళు దేనికి భయపడతారు? దిష్టికి. లారీ ముందు నిమ్మకాయలు, వెనక నల్లతాడు కట్టుకుని తిరిగే మనుషులు. ఒకరు దిష్టి తీసి పారేసింది ఇంకొకరు తొక్కరు. అంతే, ఆ శుక్రవారం గీతల పొడుగునా ఎర్రనీళ్ళు పోయించింది, గుమ్మడికాయలు పగలగొట్టించింది, ఎండుమిరపకాయలూ వెంట్రుకలూ చల్లించింది. పైగా స్టాండంతా వినబడేలా, ఎవరెవరికి ఏ రోగానికి తీసిన దిష్టో పేరుపేరునా అరిచి చెప్పింది.

పని చేసింది. ఒక్క లారీ రాలేదు. వచ్చినవి దూరంగా నిలబడ్డాయి. మేస్త్రీ కూడా పంచె ఎత్తి పట్టుకుని పక్కనుంచి పోయాడు. అత్త కట్టు లేని చెయ్యి ఊపుతూ కొండ బాట వైపు కేకేసింది.

"నేస్తం, రాయే. నీ కోసం రాజబాట ఏసినాను."

అత్త పంపిన కబురు మీద నేస్తం బాట చివరకి వచ్చింది. గీతల వైపు చూసింది. ఆగిపోయింది.

"నాను రాను."

"ఏటే, రావు?"

"ఊరందరి దిష్టి పోసి నన్ను నడమంటావేటి? ఉన్న కాలు కూడా పోవాలా?"

వెనకాల వస్తున్న కొండవాళ్ళు కూడా మోపులతో అక్కడే నిలబడిపోయారు. లారీలు రాని ఆ దారిలోకి మనుషులూ రాలేదు. సంతలో ఒక్కసారి నవ్వు పుట్టింది. అత్త ఊపుతున్న చెయ్యి దించేసింది.

ఆ నవ్వుల మధ్యలో నేస్తం కర్ర తిప్పుకుని, పాతదారినే, లారీల వెనక నుంచి రాబోయింది. దళారీకి ఇచ్చి వెళ్ళిపోయేదే, కాని అత్త మొహం చూసి జాలేసిందేమో. ఆ లారీల వెనకే ఆ క్లీనరు వంగి ఒక చక్రం కడుగుతున్నాడు. పక్క లారీ ఒకటి వెనక్కి కదిలింది. వాడి కుడి పక్క నుంచి వస్తోంది. ఎవరో అరిచారు, అందరం అరిచాం. వాడికి ఎటు నుంచి అరుస్తున్నామో తెలియలేదు. ఒక్క చెవి మనిషికి చప్పుడు వినబడుతుంది గాని, ఎటు నుంచో తెలియదు. తల తప్పు వైపు తిప్పాడు.

నేస్తం చంక కర్ర రెండు చేతులతో ఎత్తి వాడి వీపు మీద శక్తి కొద్దీ కొట్టింది. వాడు ముందుకి బోర్లా పడ్డాడు. కర్ర లేక ఆవిడా పక్కకి పడింది. లారీ చక్రం కర్ర మీదకి ఎక్కింది. అది చిట్లిన చప్పుడుకి ఆ డ్రైవరు బ్రేకు కొట్టాడు. దిగి వచ్చి చూసి, చక్రం దగ్గరే కూలబడి చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

క్లీనరు లేచి తనని కొట్టిందెవరో చూశాడు. తన చేతుల మీదుగా కాలు పోగొట్టుకున్న మనిషి. నేస్తం నేల మీద నుంచే అంది.

"సూత్తావేటిరా, గుంటడా. లేపు నన్ను."

అత్త వచ్చేసరికి వాడు ఆవిడని లేపి పట్టుకుని ఉన్నాడు. అత్త ఇద్దర్నీ చూసింది. తర్వాత చీపురు తీసుకుని, ఒక్క చేత్తోనే ఆ దిష్టంతా ఊడ్చింది. పేడనీళ్ళు చల్లింది. పసుపు వేసింది. దారి పొడుగునా మళ్ళీ సున్నం గీసింది. గీసేసి క్లీనరు ముందు బకెట్టు పెట్టింది.

"వచ్చే వారం నుంచి నువ్వు గియ్యి. కూలి నాను ఇత్తాను. ఈ గీత ఆవిడకొక్కదానికే కాదు, నీకు కూడా. తెలిసిందేటి?"

వాడి చెవిటి పక్క నిలబడి చెప్పింది. గుర్తొచ్చి, అటువైపు తిరిగి వచ్చి మళ్ళీ చెప్పింది. ఆ రోజు నుంచి ఆవిడ ఎప్పుడూ వాడి ఎడమ పక్కనే నడిచేది.

ఆ పైవారం, చక్రం దగ్గర కూలబడిన ఆ డ్రైవరే అందరికంటే ముందు వచ్చి, గీతకి ఇవతల లారీ ఆపుకున్నాడు. ముందు భాగం గీత వైపు ఉండేలా నిలిపాడు. వెనక్కి వచ్చే లారీయే కదా మనిషిని చూడలేనిది, ముందు నుంచి చూస్తే కనబడతారు కదా అన్నాడు. పక్కవాళ్ళు వాడిని చూసి అలాగే నిలబెట్టారు. పళ్ళు లేని మేస్త్రీ కొన్ని వారాలు గొణిగాడు. అత్త కట్టు విప్పిన భుజం చూపించి, "ఇంకోటి బాగానే ఉంది, కావాలేటి?" అని అడిగేది. కొన్నాళ్ళకి అదీ మానేశాడు. గొడవలు పూర్తిగా పోయాయని అనను. కొత్త లారీ వచ్చినప్పుడల్లా గీత మీద ఎవరో ఒకరికి దెబ్బ పడేది. కాని దారి ఉండిపోయింది. పురుటి నొప్పులతో వచ్చిన ఆడవాళ్ళు, కళ్ళు కనబడని ముసలివాళ్ళు, చంకలో ఒకరు చేతిలో ఒకరు పిల్లల్ని పట్టుకున్న తల్లులు, అందరూ అందులోంచే వచ్చేవాళ్ళు.

వాళ్ళిద్దరికీ ఒక అలవాటు ఉండేది. నేస్తం దారి సగానికి వచ్చాక పక్కనున్న లారీ బంపరు మీద కర్రతో ఒకసారి కొట్టేది. అత్త కొట్టు గడప మీద నుంచి ఇనప గుండుతో తక్కెడ పళ్ళెం మీద టంగుమని కొట్టేది. వచ్చినాను, వచ్చినావా. అంతే. తర్వాత ఇద్దరూ కలిసి ఒకే ఆకులో అన్నం తినేవాళ్ళు.

చెవి సంగతి అత్త ఎప్పుడూ ఎత్తలేదు. క్లీనరూ ఎత్తలేదు. ఈ శుక్రవారం గీత గీసి వచ్చి, నా గడప మీద కూర్చుని, అతను నాకు చెప్పాడు. అత్త జబ్బుపడి కోటలో కూతురి దగ్గరకి వెళ్ళేరోజున, జీపు ఎక్కబోతూ అతని దగ్గరకి వచ్చిందట.

"ఎప్పుడూ ఇటేపే వచ్చేది బాబు. ఆ రోజు కావాలనే అటేపుకి వచ్చినాది. నా చెవి మీద సెయ్యేసి ఏదో సెప్పినాది. సాలాసేపు సెప్పినాది. పెదాలు కదలడం సూసినాను."

"ఏమందో అడగలేకపోయావా?"

"వినబడాలనుకుంటే ఇటేపుకి వచ్చును కదా. తలూపినాను. తలూపితే సాలని అనిపించినాది."

నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. ఈలోగా సంత నిండింది. లారీలు వచ్చి, గీతకి ఇటూ అటూ మొహాలు పెట్టుకుని నిలబడ్డాయి. కొండ బాట మీద మోపులు దిగుతున్నాయి. వాళ్ళలో నేస్తం కనబడింది. నెత్తి మీద ఏమీ లేదు. కబురు కొండ మీదకి ఎలా చేరిందో తెలియదు, కాని చంకలో మడతపెట్టిన కొత్త చీర ఒకటి ఉంది. నేస్తం పోతే పెట్టే చీర.

గీతల మధ్యకి దిగింది. కర్ర, కాలు, కర్ర, కాలు. సగానికి వచ్చింది. పక్కనున్న లారీ బంపరు మీద కర్రతో ఒకసారి కొట్టి, మా అత్త కొట్టు వైపు చూస్తూ నిలబడింది. కొట్టు తలుపులు వేసి ఉన్నాయి. ఆవిడ వెనక వచ్చేవాళ్ళందరూ ఆగారు. మళ్ళీ కొట్టింది.

ఆ లారీ డ్రైవరు కొత్తవాడు. కొట్టిన చప్పుడుకి, వెనక్కి తీసుకోమంటున్నారనుకున్నాడు. ఇంజను వేసి, మెల్లిగా వెనక్కి జరిగాడు. దారి ఇంకాస్త వెడల్పయింది. ఆవిడ అక్కడే నిలబడి ఉంది.